బంజరు అను మాట

పోయిన మార్గశిరమాసమున మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు వన్యప్రాణిరక్షణమును గూర్చి పాఠము చెప్పుచుండగా, వెనుకబల్లమీది బాలుడొకడు లేచి, “సామీ, బట్టమేకపిట్టను మీరు చూసినారా?” అని అడిగెను. నేను చూడలేదు. ఇరువది యేండ్లుగా దాని బొమ్మను నల్లబల్లమీద గీయుచున్నాను. దాని యెత్తును, బరువును, అది పెట్టు గ్రుడ్ల లెక్కను పిల్లలచేత వల్లెవేయించుచున్నాను. కాని కన్నులార దానిని చూచిన పాపాన పోలేదు. ఉపాధ్యాయుడు తాను చూడని వస్తువును గూర్చి చెప్పుట దోషము కాదు. దోషమగునేని భూగోళశాస్త్రమును బోధింపగలవా డెవ్వడును ఉండడు. అయినను ఆ బాలుని ప్రశ్న నన్ను వదలలేదు. ఆ పక్షికొఱకే ఏర్పడిన రక్షితప్రదేశము మన రాయలసీమలోనే, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు గ్రామమువద్ద ఉన్నదని తెలిసియు, నేనొక్కసారియైన అచ్చటికి పోకుంటినిగదా యని సిగ్గుపడితిని.

కర్నూలు నగరమునుండి కొందఱు పక్షిప్రియులు సెలవుదినములలో ఒక మార్గదర్శకుని తోడుగా నిచ్చి యాత్రికులను అచ్చటికి గొనిపోయి, రాత్రికి మరల తెచ్చి దింపుచుందురని మిత్రుడొకడు చెప్పెను. పుష్యమాసమున ఒక శనివారము సాయంకాలము నేనును, నా భార్యయు, ప్రశ్న యడిగిన ఆ బాలుడును, మఱి ముగ్గురు విద్యార్థులును అనంతపురమున బస్సెక్కి కర్నూలు చేరితిమి. ఆ బాలుని తండ్రి గొఱ్ఱెలకాపరి. కుమారుని పంపుమని అడుగబోయినప్పుడు ఆయన కొంతసేపు ఊరకుండి, “మీరుండారు గదా సామీ, పోయి రానీండి” అనెను. ఆ మౌనమునకు అర్థము నాకు అప్పుడు తోచలేదు.

మఱునాడు తెల్లవారకముందే మేము పదునలుగురము ఒక వ్యానులో బయలుదేరితిమి. దారిపొడవునను మార్గదర్శకుడు పిల్లలకు జాతీయవనములను గూర్చి చెప్పుచు వచ్చెను. ఇట్టి వనములలో మొదటిది 1872లో అమెరికాదేశమున ఏర్పడిన ఎల్లోస్టోను. మనదేశమున మొదటిది 1936లో హిమాలయపాదమున హెయిలీ పేర ఏర్పడి, ఇప్పుడు కార్బెట్టు పేర ప్రసిద్ధమై యున్నది. 1972లో వచ్చిన వన్యప్రాణిరక్షణచట్టము రక్షితభూములను ముఖ్యముగా రెండు తెగలుగా విభజించినది. ఒకటి జాతీయవనము, రెండవది అభయారణ్యము. జాతీయవనమున పశువు కాలుపెట్టి మేయరాదు. అభయారణ్యమున అధికారులు సమ్మతించిన మేరకు మేయవచ్చును. రోళ్ళపాడు రెండవ తెగలోనిది. 1988లో ఏర్పడినది. దాని వైశాల్యము 614 హెక్టార్లు, అనగా ఇంచుమించు 1,500 ఎకరములు.

సూర్యోదయవేళకు చేరితిమి. పిల్లలు వ్యాను దిగి నలుదిక్కులు చూచిరి. అభయారణ్యమన్న పేరు వినినవారికి మఱ్ఱులు, మద్దులు, కొండవాగులు తలపునకు వచ్చుట సహజము. ఇచ్చట చెట్టన్నది వెదకినగాని కానరాదు. కనుచూపుమేరను ఎండి పసుపువన్నె తిరిగిన మోకాలియెత్తు గడ్డి, నడుమనడుమ ఱాతినేల, అక్కడక్కడ ముండ్లపొదలు, పైన ఆకాశము. నా భార్య మెల్లగా, “ఏమండీ, ఇది మన యూరి బీడువలెనే యున్నదిగదా! దీనిని చూచుటకా ఇంత దూరము వచ్చితిమి?” అనెను. నాకును అట్లే తోచినది. ఆమె నోట వచ్చిన ఆ మాటయే ఈ వ్యాసమున నేను చెప్పదలచినదానికెల్ల మూలమని అప్పుడు ఎఱుగనైతిని.

మార్గదర్శకునికి నలువది యేండ్లుండును. చేరువగ్రామమువాడు. కళాశాల మెట్లెక్కినవాడు కాడు. అయినను ఆ గడ్డిలో మేము చూడలేని లోకమును ఆయన చూపించెను. గుంటనక్క బొఱియ యొకటి చూపి, వేడిమికి గాలి ఆడుటకై దానికి ఎన్నో ద్వారము లుండునని చెప్పెను. మా కాళ్ళముందునుండి లేచి, పాడుచు పాడుచు పైకెగిరి, చుక్కయంతయై నిలిచిన భరతపక్షిని చూపెను. దూరమున కృష్ణజింకల మంద యొకటి తలలెత్తి మమ్ము చూచి, విల్లునుండి వెడలిన బాణములవలె గంతులు వేయుచు సాగిపోయినది. నల్లని వీపును మెలితిరిగిన కొమ్ములును గల మగజింక వెనుదిరిగి నిలిచి మమ్ము పరికించెను. కృష్ణసారము స్వేచ్ఛగా తిరుగు నేలయే యజ్ఞమునకు యోగ్యమైన నేలయని మనుస్మృతి చెప్పుచున్నది. శాకుంతలమున దుష్యంతుడు ప్రవేశించునది లేడిని తఱుముచునే. ఆశ్రమమృగమును చంపవలదని తాపసు డాతనిని వారించుటతోనే కథ యారంభ మగుచున్నది. ఈ సంగతులు పిల్లలకు చెప్పి, నా సంస్కృతమునకు ఇన్నాళ్ళకొక ఉపయోగము కలిగెనని సంతసించితిని.

“బట్టమేకపిట్ట యాడుండాది?” అని బాలుడు అడిగెను.

మార్గదర్శకుడు వెంటనే సమాధానము చెప్పలేదు. పిదప, తాను చిన్నవాడైయుండగా తండ్రివెంట గొఱ్ఱెలు తోలుకొనిపోవునప్పుడు దానిని చూచితినని చెప్పెను. వానకాలమున మగపక్షి మిట్టనెక్కి, మెడక్రింది సంచిని నేలకు తాకునట్లుగా ఉబ్బించి, తోక వెనుకకు విప్పి నిలుచునట. దాని కూత గొంతునుండి కాక నేలలోనుండి వచ్చినట్లుండునట. ఆయన దోసిలి నోటికి అడ్డముపెట్టి ఆ ధ్వనిని అనుకరించి చూపెను. పిల్లలు నవ్వలేదు. “ఇప్పుడు లేదు సామీ. ఏండ్లాయె. వస్తుందేమోనని నేను పొద్దున్నే చూస్తానే ఉంటా” అని ఆయన ముగించెను.

ఏ పక్షికొఱకు ఈ 1,500 ఎకరములను కాచిరో ఆ పక్షియే లేదు! చదువరులకు దానినిగూర్చి నాలుగు మాటలు చెప్పెదను. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో నిది యొకటి. ఎత్తు ఒక మీటరు. మగపక్షి 15 కిలోగ్రాములవఱకు తూగును. గూడు కట్టదు; కటికనేలమీద ఏటికి సామాన్యముగా ఒకే గ్రుడ్డు పెట్టును. మనకు నెమలి జాతీయపక్షి యైనది 1963లో. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ ఆ గౌరవము బట్టమేకపిట్టకు దక్కవలెనని వాదించెను. ఒకప్పుడు పంజాబునుండి తమిళదేశమువఱకు గడ్డినేలలయందెల్ల తిరిగిన యీ జాతిలో నేడు మిగిలినవి 150 కంటె మించవని అంచనా. వానిలో హెచ్చుపాలు రాజస్థానమునందలి జైసల్మేరు ఎడారిలో ఉన్నవి. దేశమున వర్షపాతము మిక్కిలి తక్కువైన జిల్లాలలో జైసల్మేరు మొదటిదనియు, దాని తరువాతిది అనంతపురమనియు మనము తఱచుగా చెప్పుకొందుము. నీరు లేని యూరివారమని మనలను మనము నిందించుకొందుము. ఆ పక్షికి కావలసినది అట్టి నేలయే.

ఈ వినాశమునకు కారణ మొకటి కాదు. పూర్వము వేట. పిదప బీళ్ళు సేద్యమునకు వచ్చుట, కాలువనీరు వచ్చి మెట్టపైరు పోయి తడిపైరు వచ్చుట. ఇప్పుడు విద్యుత్తీగెలు. ఈ పక్షి కన్నులు తల కిరుప్రక్కల నుండుటచే ఎదురుగా నున్న తీగెను అది చక్కగా కనుగొనలేదు. కనుగొన్నను, భారమైన దేహమగుటచే చప్పున ప్రక్కకు తిరుగలేదు. ఈ కారణముననే తీగెలను భూమిలో పాతవలెనని 2021లో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించెను. అంతటి విశాలభూములలో అది సాధ్యమా యని 2024లో ఆ యాజ్ఞను సడలించి, నిపుణుల సంఘమునకు విచారణ అప్పగించెను. జైసల్మేరులో 2019 మొదలు గ్రుడ్లను సేకరించి పొదిగించుచున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమగర్భధారణముచే ఒక పిల్ల పుట్టినది. శాస్త్రజ్ఞుల దీక్ష కొనియాడదగినది. అయినను పిల్లను పుట్టింపవచ్చును గాని, అది తిరుగు గడ్డినేలను ఏ పెట్టెలో పొదిగింపగలము?

మధ్యాహ్నము ముండ్లపొద నీడన భోజనములకు కూర్చుంటిమి. రొట్టెలు, వేరుసెనగ పొడి, మజ్జిగ. అప్పుడు బాలుడు మార్గదర్శకుని, “అన్నా, ఇక్కడ గొర్రెలు మేపనీరు గదా? మరి ఈ ఊరోళ్ళు యాడ మేపుతారు?” అని అడిగెను.

ఆయన నవ్వెను. “అదే మా నాయన కూడా అడిగేవాడప్పా. ఈ నేల పిట్టకంటిరి, మంచిదే. జింకలు పెరిగినాయి, చేన్లల్లోకి వచ్చి పైరు తినేసినాయి. జనానికి పిట్టమీదే కోపమొచ్చె. ఎవరి తప్పనీ చెప్పలేం. మందతో తిరిగేటోన్ని అడిగుంటే పిట్ట యాడ గుడ్డు పెడుతుందో వాడే చెప్పుండు.” ఆ మాటలో కొంత సత్యము కలదు. ఈ ప్రదేశమును పరిశోధించినవారును, మేత మాన్పుటవలన ప్రజలలో కలిగిన వైమనస్యమునుగూర్చియు, జింకలు పెరిగి పైరులకు చేసిన నష్టమునుగూర్చియు వ్రాసియున్నారు.

బాలుడు తలవంచుకొని రొట్టె త్రుంచుచు, ఎవ్వరితోనో చెప్పునట్లు ఇట్లనెను. “మేము ముందు సామోళ్ళ బీట్లోనే మేపుతాంటిమి. ఇప్పుడు దానికి కంచె ఏసినారు గదా. మా నాయన సగం గొర్రెలు అమ్మేసినాడు.”

వాని కంఠమున నిష్ఠురము లేదు. అది జరిగిన విషయము. వాడు దానిని చెప్పెను. అంతే. నేను మాత్రము చేతిలోని ముద్దను నోటికి తీసికొనలేకపోయితిని.

చదువరులారా, ఇక నా సంగతి దాచి ప్రయోజనము లేదు. కళ్యాణదుర్గము చేరువనున్న మా గ్రామమునకు పడమట మా జేజినాయన విడిచిపోయిన పదునొకం డెకరముల బీడు కలదు. ఆయన గొఱ్ఱెలు కాచినవాడు. ఆ నేలలో నే నెఱిగి పైరు పండలేదు. ఆయనకది మంద నిలుపు చోటు. ఆయన పోయిన పిమ్మట మా తండ్రి సేద్యమునకును, నేను తిరుపతికి పోయి సంస్కృతమునకును, తరువాత ఆంగ్లమునకును దిగితిమి. ఊరి కాపరులు ఆ బీటిలో తమ మందలు మేపుకొనుచుండిరి; మేము వలదనలేదు. ఆఱేండ్ల క్రిందట ఒక సౌరవిద్యుత్సంస్థవారు వచ్చి 25 ఏండ్ల గుత్తకు దాని నడిగిరి. మా యన్న సందేహించెను. “మందలు యాడికి పోవాలరా?” అనెను. చదువుకొన్నవాడను నేను. “అది బంజరు గదా అన్నా! ఎవరి కేమి నష్టము?” అంటిని. గుత్తపత్రమున “ఏ యుపయోగమునకును పనికిరాని బంజరుభూమి” అని యున్న పంక్తి నేను చెప్పి వ్రాయించినదే. ఏటేట వచ్చు ఆ గుత్తసొమ్ముతో నా కుమార్తె కళాశాలలో చదువుచున్నది.

పనికిరానిదని వ్రాసిన నేలను ప్రతిదినము ఒక కుటుంబము ఉపయోగించుచుండెను. ఆ కుటుంబపు పిల్లవానికే నేను తరగతిలో వన్యప్రాణిరక్షణమును బోధించుచు, “పశువుల మేతచే గడ్డినేలలు నశించుచున్నవి” అని వ్రాయించితిని. వాడు దానిని గుండ్రని అక్షరములతో వ్రాసికొనెను. వాని తండ్రి మౌనమునకు అర్థము రోళ్ళపాటి గడ్డిలో కూర్చున్నప్పుడు నాకు తెలిసినది.

ఈ “బంజరు” అను మాట మనకెట్లు వచ్చినదో విచారింపవలసియున్నది. అది హిందుస్తానీనుండి మన రెవిన్యూ లెక్కలలోనికి ఎక్కినది. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారికి దత్తము చేసిన పిమ్మట, థామస్ మన్రో 1807వఱకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి, పొలము పొలమును కొలిపించి, రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. రైతులయెడ ఆయనకు గల దయ లోకవిదితము. అయినను పన్ను వేయు కన్నులకు రెండే నేలలు కనబడును. పన్ను వచ్చు నేల యొకటి, రాని నేల యొకటి. రానిది బంజరు. దొరలు పోయిరి, లెక్కలు మిగిలినవి. 2000లో మొదటిసారి ప్రకటింపబడిన భారతదేశపు బంజరుభూముల పటముల పుస్తకమునందును మెట్టగడ్డినేలలు, తుప్పనేలలు బంజరుల జాబితాలోనే చేరినవి. జాబితాలో నున్న నేలను ఎవ్వరికిచ్చినను తప్పని యెవ్వరును అనుకొనరు. అడవిని నఱికిన పదిమంది చూచి అయ్యో యందురు. బీటిని కప్పివేసిన, పనికిరానిది పనికి వచ్చెనని మెచ్చుకొందురు.

రోళ్ళపాడునకు చేరువలోనే, గని, శకునాల గ్రామములయొద్ద 2017లో వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది. ఇంచుమించు 6 వేల యెకరములు. అంతకు ముందేడు మా సీమలోనే నంబులపూలకుంటలో మఱియొక క్షేత్రము పని ప్రారంభించినది. నేను విద్యుత్తునకు శత్రువును కాను. ఈ వ్యాసమును దీపపు వెలుగుననే వ్రాయుచున్నాను. బొగ్గు కాల్చిన పొగచే లోకము వేడెక్కుచుండగా, ఎండనుండి విద్యుత్తును తీయుట మేలే. మా జిల్లా రైతు బోరునీటికి కరెంటుకై రాత్రులు మేలుకొని యుండుటయు నే నెఱుగుదును. నే నడుగునది యొక్కటే. ఇండ్ల కప్పులు, పాఠశాలల కప్పులు, కాలువల గట్లు కలవుగదా. వాని తరువాతగదా బీటివంతు? ఆ వంతు వచ్చినను, అందు మేయు గొఱ్ఱె యెవరిది, పొదుగు పిట్ట యేది అని ముందుగా గ్రామసభలో నడుగవలదా? నేనే అడుగలేదు. కావున ఇతరుల నడుగు నధికారము నాకు తక్కువ. అడుగవలసిన బాధ్యత యెక్కువ.

కంచె పెట్టి కాచుట యొక్కటే మార్గమని తలంపరాదు. నేటి శ్రీసత్యసాయి జిల్లాలో, చిలమత్తూరు చేరువను వీరాపురమను పల్లె కలదు. ఏటేట ఎఱ్ఱకాళ్ళ కొంగలు వచ్చి, ఇండ్ల నడుమనున్న చింతచెట్లమీదనే గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. వాని రెట్టల వాసనను, రాత్రింబవళ్ళ రొదను ఓర్చుకొని గ్రామస్థులు వానిని కాపాడుచున్నారు. చెట్టుమీది కొంగకును నేలమీది బట్టమేకపిట్టకును అవసరములు వేఱు; వీరాపురపు పద్ధతి రోళ్ళపాడున అట్లే చెల్లునని నే ననను. కాని పక్షి మాది యనుకొన్న యూరు కొంగను కాచినది. పక్షివలన మా నేల పోయెననుకొన్న యూరు దేనిని కాచును?

సాయంకాలమయ్యెను. తిరిగి పోవుదమని కొందఱనిరి. మార్గదర్శకుడు, “ఇంకొక అర్ధగంట ఉండండి. అసలు చూడాల్సింది ఇప్పుడే” అని మమ్ము గడ్డి అంచున కూర్చుండబెట్టెను. పొద్దు వాలుచుండగా పడమటినుండి పిల్లిగద్ద యొకటి రెక్కలు కొంచెము పైకెత్తి, గడ్డిమీద తేలుచు వచ్చెను. వెనుక మఱియొకటి. చూచుచుండగనే పదులకొలది వచ్చినవి. చెట్టు లేనిచోట గద్ద లెక్కడ నిద్రించునా యని నేననుకొనుచుండగా, అవి యొక్కొక్కటే గడ్డిలోనికి దిగి కానరాక పోయినవి. ఈ గద్దలు నేలమీదనే, గడ్డినడుమ నిద్రించును. మధ్యాసియా మైదానములనుండి వేలమైళ్ళు దాటి శీతకాలమున ఇచ్చటికి వచ్చునవి. మనము బంజరనునది వానికి ఏటేట వెదకికొని వచ్చు పడకటిల్లు.

“పిట్ట పోయినా బీడు ఉండాది గదా సామీ. అదుంటే ఎప్పుడన్నా వస్తుంది” అని మార్గదర్శకుడు మెల్లగా అనెను. చీకటి పడువఱకు ఎవ్వరును లేవలేదు. బాలుడు నా ప్రక్కనే కూర్చుండి వేళ్ళమీద గద్దలను లెక్కించుచుండెను.

ఊరికి వచ్చిన మఱునాడే మా యన్నతో మాటాడితిని. పత్రము వ్రాసిన నేల 25 ఏండ్లు మాచేత లేదు. దాని ప్రక్కన మిగిలిన మూడెకరములను కాపరులకే విడిచితిమి. మూడెకరములతో పదునొకం డెకరముల నష్టము తీరదని నా కెఱుకయే. ఆ బాలుని తండ్రికడకు పోయి, నా తప్పు ఒప్పుకొంటిని. ఆయన బదులేమియు చెప్పక, పాలు కాచి తెచ్చి యిచ్చెను. అమ్మిన గొఱ్ఱెలు తిరిగి రావని ఇద్దఱము ఎఱుగుదుము.

పిమ్మట తరగతిలో మా గ్రామపటమును పిల్లలచేత మరల గీయించితిని. వెనుకటి పటమున ఊరికి పడమటగల నేలనంతయు గీతలు గీసి, “బంజరు” అని ఒకే మాట వ్రాయించియుంటిని. ఈసారి ఆ బాలుని సుద్దముక్క తీసికొమ్మని, ఆ నేల పేర్లు చెప్పుమంటిని. వాడు గంటలగుండు, తోడేళ్ళమిట్ట, పూరేళ్ళబీడు, మందలబయలు, ఉలవచెలక, అవ్వదిన్నె అని వరుసగా వ్రాసికొనుచు పోయెను. ఏ చోట తొలివానకు ఏ గడ్డి మొలచునో, ఎక్కడ నీరు రెండునాళ్ళు నిలుచునో కూడ చెప్పెను. ఆ దినమున గురువు వాడు, నేను వ్రాసికొంటిని.

దేశమును సంస్కరింపగోరువారు సంఘమున కొందఱు మనుష్యులను పనికిరానివారని త్రోసివేయుట అన్యాయమని ఎన్నోయేండ్లుగా చెప్పుచున్నారు. ఆ న్యాయము నేలకును చెల్లును. మీ యూరి లెక్కలలో, మీ యింటి పత్రములలో “బంజరు” అను మాట యున్నయెడల, సంతకము చేయుటకు ముందు ఒక పూట ఆ నేలమీద నడచిరండు. వెంట ఒక కాపరిని తీసికొనిపొండు. ఆ పని నేను ఆఱేండ్ల క్రిందట చేయవలసియుండెను.